మామిడి పైన పసుపు, లోపల గట్టి – అసలు కాయ ఎలా మెత్తబడుతుంది?

నూజివీడు_అల్లుడు
మా కాలనీ దగ్గర బండి మీద ఒక పెట్టె బంగినపల్లి తీసుకున్నా. రంగు నిలువెల్లా పసుపే. ఇంటికొచ్చి కోస్తే చాకు దిగట్లేదు. మాగుతాయేమో అని బియ్యం డబ్బాలో పెడితే కొన్ని తోలు ముడతలు పడి అలాగే ఉండిపోయాయి. అదే పెట్టెలో ఇంకొన్ని పైన పచ్చగా ఉండగానే టెంక చుట్టూ గుజ్జు నీరుకారిపోయింది. మా అత్తగారు ఇంకా ఏమీ అనలేదు కానీ చూపులోనే మొత్తం ఉంది.

నా ప్రశ్న ధర గురించి కాదు. రంగు తిరగడం, తీపి రావడం, మెత్తబడటం మూడూ కలిసి జరగాలి కదా? ఇక్కడ దేని దారి దానిదే. అసలు కాయ మెత్తబడుతున్నప్పుడు లోపల ఏం జరుగుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి. "నూజివీడు వెళ్ళి కొనాల్సింది" అనే సలహా మాత్రం వద్దు, ఇంట్లో రోజూ వింటున్నా.

బజ్జీల_బాబు
నూజివీడు వెళ్ళి కొనాల్సింది.

సందేహాల_సాంబ
కార్బైడ్. ఇంకేం లేదు. టాపిక్ క్లోజ్ చేసుకోవచ్చు.

మండీ_మనిషి
ప్రతిదానికీ కార్బైడ్ అనకండి సాంబ గారూ. మాది నాన్న నాటి నుంచీ పళ్ళ వ్యాపారమే. ఆ పెట్టెలో లేత కాయ, ముదురు కాయ కలిసిపోయాయి, అంతే. సీజన్ మొదట్లో రేటు బాగా పలుకుతుందని తోట మొత్తం ఒకేసారి కోసేస్తారు. ముదిరిన కాయకి తొడిమ దగ్గర భుజాలు పైకి లేచి మధ్యలో గుంట పడుతుంది. నీళ్ళలో వేస్తే మునుగుతుంది, లేతది తేలుతుంది. లేతదాన్ని గడ్డిలో పెట్టినా, మాగబెట్టే ఛాంబర్‌లో పెట్టినా తోలు రంగు తిరుగుతుందేమో గానీ గుజ్జు సరిగ్గా పండదు. ముడతలు పడ్డాయన్నారే, అవి ఆ బాపతు.

రైతుబిడ్డ_కృష్ణా
మండీ అన్న నెపం మొత్తం తోట మీదకి తోసేశాడు. "తొందరగా కోసి పంపండి, రేటు పడిపోతుంది" అని ఫోన్ చేసేది ఎవరో కూడా చెప్పాలి కదా.

మండీ_మనిషి
ఫోన్ చేసేది మేమే తమ్ముడూ, కోసేది మాత్రం మీరు.

బోటనీ_మాస్టారు
మీ ఇద్దరి గొడవలో అల్లుడు గారి ప్రశ్న కొట్టుకుపోయేలా ఉంది. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

గుజ్జు అంటే కణాల గుంపు. ఒక్కో కణం చుట్టూ ఒక గోడ. కణకవచం అని మీరంతా బళ్ళో చదువుకున్నదే. అందులో ప్రధానంగా ఉండేవి సెల్యులోజ్ పోగులు, వాటిని ఒకదానితో ఒకటి కట్టి ఉంచే హెమిసెల్యులోజ్, ఆ సందుల్లో నిండి ఉండే పెక్టిన్. పాత ఊళ్ళలో గడ్డి కలిపి పెట్టిన మట్టిగోడ చూశారు కదా, సెల్యులోజ్‌ని ఆ గడ్డి అనుకోండి, పెక్టిన్‌ని మట్టి అనుకోండి. పక్కపక్కనున్న రెండు కణాల గోడల మధ్య ఇంకో పలుచని పొర ఉంటుంది, మిడిల్ లామెల్లా అంటారు. అది చాలావరకు పెక్టినే. కణాన్ని కణానికి అతికించి ఉంచేది అది.

పచ్చికాయలో పెక్టిన్ గొలుసుల మధ్య కాల్షియం చేరి వాటిని బిగించి ఉంచుతుంది. కాయ ముదిరాక ఇథిలీన్ వాయువు కాయలోనే పుడుతుంది. ఆ సంకేతం అందగానే కణాలు రకరకాల ఎంజైములు తయారుచేసి గోడలోకి పంపుతాయి. పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ ముందుగా పెక్టిన్ గొలుసు మీదున్న మిథైల్ సమూహాల్ని తీసేస్తుంది. ఆ తర్వాత పాలీగాలక్టురోనేజ్, పెక్టేట్ లయేజ్ వచ్చి గొలుసుని ముక్కలు చేస్తాయి. బీటా గాలక్టోసిడేజ్ పక్క కొమ్మల్ని కత్తిరిస్తుంది. ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్ మాత్రం దేన్నీ కత్తిరించదు. సెల్యులోజ్‌కీ హెమిసెల్యులోజ్‌కీ మధ్య పట్టు సడలిస్తుంది. గోడ నీరు పీల్చి ఉబ్బుతుంది, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. బొటనవేలితో నొక్కి "ఆ, పండింది" అని మనం అనేది అప్పుడు.

రంగు విషయం వేరు. తోలులో పత్రహరితం విరిగిపోయి, పసుపు రంగునిచ్చే కెరటినాయిడ్లు పైకి కనబడతాయి. తీపి ఇంకో దారి, పిండిపదార్థం చక్కెరగా మారాలి. పిలుపు అన్నిటికీ ఇథిలీన్ నుంచే వస్తుంది కానీ దేనికి ఎంత మోతాదు చాలు, ఎంత వేడిలో బాగా జరుగుతుంది అన్నది దేనికదే. లేతకాయలో మార్చడానికి తగినంత పిండి నిండి ఉండదు. పైగా మామిడి లోపలి నుంచి బయటికి పండుతుంది, టెంక దగ్గర ముందు, తోలు కింద ఆఖర్న. మీ పచ్చతోలు కాయల్లో లోపలి పని ముందే అయిపోయింది.

బజ్జీల_బాబు
మాస్టారూ, ఇంటర్‌లో మీరు దొరికి ఉంటే నేను బజ్జీలు వేసేవాణ్ణి కాదు.

నూజివీడు_అల్లుడు
ముడతలు పడ్డవి కూడా నొక్కితే కాస్త లొంగుతున్నాయి మాస్టారూ. అది పండటం కాదా?

బోటనీ_మాస్టారు
కాదు. అది నీరు ఆరిపోవడం. కణం లోపలి నీరు గోడని లోపలి నుంచి నెడుతూ ఉంటేనే కాయ బిర్రుగా ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గితే గోడ చెక్కుచెదరకపోయినా కాయ వడలిపోతుంది. మామూలుగా పండేటప్పుడు కూడా ఆ ఒత్తిడి కొంత తగ్గుతుంది, ద్రాక్షలో అయితే ఎంజైముల కంటే ముందు అదే మొదలవుతుంది. మీ కాయల్లో మాత్రం ఉత్త ఎండిపోవడమే.

సందేహాల_సాంబ
ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఒకటే. కాయ తన గోడలు తనే పడగొట్టుకుంటోంది. అంటే కుళ్ళడమే కదా? కుళ్ళడానికి ముందు స్టేజీలో ఉన్నదాన్ని డజన్ల లెక్కన కొనుక్కుని తింటున్నాం.

ల్యాబ్_కోటు
కాదు సాంబ గారూ. కుళ్ళేటప్పుడు కణం చచ్చిపోతుంది. పండేటప్పుడు బతికే ఉంటుంది, ఇంకా హుషారుగా ఉంటుంది. శ్వాస పెరుగుతుంది, అంతవరకు ఊరుకున్న జన్యువులు పనిలోకి దిగుతాయి, కొత్త ప్రోటీన్లు పుడతాయి. ప్రోటీన్ తయారీని అడ్డుకునే మందు ఇస్తే కాయ పండటం ఆగిపోతుందని ఎప్పుడో చేసి చూశారు. ఉత్తినే శిథిలమైపోయేదైతే మందు ఇచ్చినా ఆగకూడదు కదా.

సందేహాల_సాంబ
మరి మామిడి తోలు మీద నల్లమచ్చలు పండాకే ఎందుకు వస్తాయి? పచ్చికాయకి రావే?

బోటనీ_మాస్టారు
ఇది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. ఆ మచ్చ కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం పని. పూత, పిందె దశలోనే వానకో మంచుకో వచ్చి తోలులో నక్కి కూర్చుంటుంది. పచ్చి తోలులో దానికి గిట్టని రిసార్సినాల్ పదార్థాలు ఉంటాయి. కాయ పండేకొద్దీ అవి తగ్గుతాయి, గోడలూ వదులవుతాయి. అప్పుడు శిలీంధ్రం తన సొంత పెక్టిన్ ఎంజైములు వదిలి గుజ్జులోకి దిగుతుంది. కాయవీ బూజువీ ఒకే జాతి ఎంజైములు, అందుకని మీకు రెండూ ఒకేలా కనబడుతున్నాయి. కాయ కొలత ప్రకారం చేస్తుంది, బూజుకి ఆ మొహమాటం లేదు.

రైతుబిడ్డ_కృష్ణా
కోసిన కాయని 52 డిగ్రీల నీళ్ళలో 5 నుంచి 10 నిమిషాలు ముంచితే ఆ మచ్చ తగ్గుతుందని మాకు శిక్షణలో చెప్పారు. తగ్గుతుంది కూడా. కానీ తోటలో అన్ని నీళ్ళు మరిగించే ఓపిక ఎవరికుంది?

టెక్సాస్_తెలుగమ్మాయి
ఇక్కడ మాకు వచ్చే మెక్సికో కాయలకి వేడినీళ్ళ స్నానం తప్పనిసరి, కాకపోతే పండు ఈగ గుడ్లు చావాలని. 46 డిగ్రీల నీళ్ళలో కాయ బరువును బట్టి 65 నుంచి 110 నిమిషాలు. మన దేశం కాయలైతే 2007 నుంచి రేడియేషన్ పెట్టి వస్తున్నాయి, కనీసం 400 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత). ఆ పెట్టె ధర ఇక్కడ రాస్తే మీరు నవ్వుతారు.

టామీ ఆట్కిన్స్ అని ఎర్రటి కాయలు దొరుకుతాయి. ఎన్ని రోజులు ఉంచినా పీచే. ఉడకబెట్టడం వల్లే అలా అయ్యాయని మా ఆయన వాదన. అట్టావుల్ఫో అనే ఇంకో రకం కూడా అదే నీళ్ళలో మునిగి వస్తుంది కానీ బాగానే మెత్తబడుతుంది మరి.

బోటనీ_మాస్టారు
మీ వారి కేసు నిలబడదమ్మా. పీచు ఆ రకం లక్షణం. పీచంటే నీళ్ళు మోసే నాళాల కట్టలు, వాటి గోడల్లో లిగ్నిన్ ఉంటుంది. పైన చెప్పిన ఎంజైముల్లో ఒక్కటి కూడా లిగ్నిన్‌ని ముట్టదు. మన చిన్నరసం ఎంత పండినా పీచు మిగిలేది అందుకే, కోసుకోకుండా పిండుకుని తాగేదీ అందుకే. టామీ ఆట్కిన్స్‌ని పెంచుతున్నది రుచి చూసి కాదు, దూర ప్రయాణానికి తట్టుకుంటుందని. వేడినీళ్ళు మోతాదు మించితే మాత్రం నష్టం ఉంది, ఎంజైములు దెబ్బతిని తోలు కింద గుజ్జులో అక్కడక్కడ పిండి గట్టిగా మిగిలిపోతుంది.

టెక్సాస్_తెలుగమ్మాయి
చదివి వినిపించాను. "మాస్టారు మీ వైపు మనిషి" అంటున్నారు.

పులుసు_ప్రియ
మీ పెక్టిన్ కథ మా వంటింట్లో రోజూ నడిచేదేననిపిస్తోంది. పులుసులో ముక్క ఉడికాకే చింతపండు రసం పోయాలి. ముందే పోస్తే ఆనపకాయ సర్దుకుంటుందేమో గానీ చామదుంప, చిలగడదుంప మొండికేస్తాయి. బోరునీళ్ళతో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, చిటికెడు సోడా పడితే ఇట్టే మెత్తబడుతుంది. ఉసిరి మురబ్బాకి పటిక నీళ్ళు. బూడిదగుమ్మడి మిఠాయికి సున్నపు తేట. ఇవన్నీ ఒకే లెక్కలోకి వస్తాయా మాస్టారూ?

బోటనీ_మాస్టారు
వస్తాయి, ఒక తేడాతో. పొయ్యి మీద ఎంజైములతో పని లేదు, వేడే పెక్టిన్‌ని విడగొడుతుంది. పులుపులో ఆ విడిపోవడం నెమ్మదిస్తుంది, సోడా లాంటి క్షారంలో వేగం అందుకుంటుంది. బోరునీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పెక్టిన్‌ని బిగిస్తాయి. సున్నంలో కాల్షియం, పటికలో అల్యూమినియం చేసేది కూడా బిగించడమే. ఆగ్రా పేఠా, అదే మీ బూడిదగుమ్మడి మిఠాయి, పాకంలో ఉడికినా ముక్క విరగకుండా నిలిచేది ముందు సున్నపు నీళ్ళలో నానడం వల్ల. ఆపిల్ తోటల్లో కాల్షియం క్లోరైడ్ పిచికారీ చేయడం, డబ్బా టమాటా ముక్కల్లో కాల్షియం కలపడం కూడా ఇందుకే.

పులుసు_ప్రియ
అయితే జామ జెల్లీ సంగతి నేనే చెప్పేస్తా. బాగా పండిన జామతో చేస్తే ఎంత కాచినా గట్టిపడదు, పానకంలా ఉండిపోతుంది. దోరగా ఉన్నవి సగానికి పైగా వేస్తేనే జెల్లీ. పండిన కాయలో పెక్టిన్ గొలుసులు అప్పటికే ముక్కలైపోయి ఉంటాయన్నమాట.

బోటనీ_మాస్టారు
నూటికి నూరు. పరీక్షలో ఇది రాస్తే మార్కులు వేసేవాణ్ణి.

బజ్జీల_బాబు
జామలో గింజ కాని గరగర ఒకటి తగులుతుంది, అదేంటి? కాయ మెత్తబడినా అది మెత్తబడదు.

ల్యాబ్_కోటు
రాతి కణాలు. వాటి గోడలు మందంగా ఉండి లిగ్నిన్‌తో నిండి ఉంటాయి. పియర్ పండులో, సీతాఫలం తోలు దగ్గర తగిలే పలుకులు కూడా అవే. మామిడి టెంక గట్టిదనానికీ లిగ్నినే కారణం.

రైతుబిడ్డ_కృష్ణా
టెంక అంటే గుర్తొచ్చింది. పోయినేడు మా ఇంట్లో ఆవకాయ ముక్క వినాయక చవితి నాటికే మెత్తబడిపోయింది. ఉప్పు, నూనె, కారం అన్నీ కొలత ప్రకారమే పడ్డాయి. కారణం ఎవరైనా చెప్పగలరా?

పులుసు_ప్రియ
కాయ దోరగా తిరిగి ఉంటుంది. లోపల గుజ్జు తెల్లగా ఉండాలి, కాస్త పసుపు కనబడినా ఆ కాయ పక్కన పెట్టేయాలి. కోసిన రోజే ముక్కలు కొట్టి కలిపేయాలి, గోతాంలో రాత్రంతా ఉంచకూడదు. తడి సంగతి చెప్పక్కర్లేదు.

ల్యాబ్_కోటు
పులుసు_ప్రియ గారు చెప్పింది సరిగ్గా సరిపోతుంది. గోతాంలో రాత్రంతా ఉంచితే ఒక కాయ వదిలిన ఇథిలీన్ మిగతావాటికి తగులుతుంది. గోడలో ఎంజైములు ఒకసారి తయారయ్యాక ఉప్పులో వేసినా అంత తొందరగా ఊరుకోవు. కొత్తగా పుట్టడం ఆగుతుంది, పుట్టినవి కొన్నాళ్ళు పనిచేస్తాయి.

ఇంకో మాట. మాస్టారు జాబితాలో పాలీగాలక్టురోనేజ్‌ని ముందు పెట్టారు. దాన్నే అసలు దొంగ అంటే నేను ఒప్పుకోను. 1980ల్లో అందరూ అలాగే అనుకున్నారు. టమాటా పండేటప్పుడు ఆ ఎంజైమ్ విపరీతంగా పెరుగుతుంది కాబట్టి. 1988లో దాని జన్యువును యాంటీసెన్స్ పద్ధతిలో, అంటే జన్యువు సందేశానికి తిరగేసిన నకలు పెట్టి, అణిచేశారు. ఎంజైమ్ చాలావరకు పోయింది, కాయ మాత్రం ఇంచుమించు మామూలుగానే మెత్తబడింది. 1989లో దీనికి తిరగేసిన ప్రయోగం. రిన్ అనే రకం టమాటా ఉంది, ముదిరినా పండదు. అందులో ఆ ఎంజైమ్‌ని పుట్టించారు. పెక్టిన్ ముక్కలైంది, కాయ మెత్తబడలేదు. ఇంకేం కావాలి?

అయినా కాలిఫోర్నియా డేవిస్‌లోని కాల్జీన్ కంపెనీ ఆ ఎంజైమ్‌నే నమ్ముకుని ఫ్లేవర్ సేవర్ టమాటా తెచ్చింది. 1994 మేలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సరేనంది. జన్యుమార్పిడి చేసిన ఆహారపంటల్లో అమెరికా దుకాణానికి చేరిన మొదటి కాయ అదే. మొక్క మీద పండనిచ్చి కోసినా లారీ ప్రయాణం తట్టుకుంటుందని వాళ్ళ లెక్క. అంత గట్టితనం దానికి లేకపోయింది, పచ్చికాయల కోసం కట్టిన యంత్రాల్లో నలిగిపోయింది, ఖర్చు తడిసి మోపెడైంది. కొన్నేళ్ళకే మార్కెట్ నుంచి వెళ్ళిపోయింది.

బోటనీ_మాస్టారు
తీర్పు అంత తొందరగా రాసేయకు బాబూ. ఆ టమాటాల రసం చిక్కగా వచ్చింది, ఎక్కువ పండినప్పుడు పగుళ్ళు, బూజు కూడా తగ్గాయి. బ్రిటన్‌లో జెనెకా కంపెనీ అలాంటి టమాటాలతో చేసిన పేస్ట్ డబ్బాలు 1996 నుంచి కొన్నేళ్ళు బాగానే అమ్ముడుపోయాయి. అంటే ఆ ఎంజైమ్ పని చేస్తోంది, కాకపోతే ఒంటరిగా చేయట్లేదు. ఒకణ్ణి పట్టుకుంటే మిగతావాళ్ళు పని కానిచ్చేశారు.

ల్యాబ్_కోటు
"ఒంటరిగా చేయట్లేదు" వరకు ఒప్పుకుంటా. కానీ వాటాలు సమానం కావు. 1999లో టమాటాలో ఎక్స్‌పాన్సిన్ తగ్గిస్తే కాయ కాస్త గట్టిగా నిలిచింది. 2002లో స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలో పెక్టేట్ లయేజ్ అణిచి చూస్తే గట్టితనం బాగా పెరిగింది. 2016లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు టమాటాలో అదే పెక్టేట్ లయేజ్ జన్యువును ఆపితే కాయ గట్టిగా ఉంది, రంగు తిరగడం మాత్రం ఆగలేదు. పాతికేళ్ళు అందరూ పాలీగాలక్టురోనేజ్ చుట్టూ తిరుగుతుంటే ఇది పక్కనే కూర్చుని ఉంది.

మన దేశం నుంచి కూడా ఒకటుంది. ఢిల్లీలోని జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థలో ఆసిస్ దత్తా బృందం 2010లో టమాటాలో పెక్టిన్ జోలికి పోకుండా, ప్రోటీన్లకి అతుక్కుని ఉండే చక్కెర గొలుసుల్ని తుంచే ఎంజైములు రెండింటిని విడివిడిగా ఆపి చూసింది. ఒకటి ఆపితే కాయ సుమారు రెండున్నర రెట్లు, రెండోది ఆపితే రెండు రెట్లు గట్టిగా ఉంది. నిల్వ 30 రోజుల దాకా పెరిగింది.

సందేహాల_సాంబ
మొత్తానికి జన్యువులు కెలికి ఈ రాళ్ళ టమాటాలు మనకి అంటగడుతున్నారన్నమాట. నేను ముందే అన్నా.

ల్యాబ్_కోటు
మీరు ముందు అన్నది కార్బైడ్ అని. మన దేశంలో జన్యుమార్పిడి టమాటా సాగుకి అనుమతే లేదు. మార్కెట్లో గట్టి టమాటా మామూలు సంకరణంతో వచ్చిందే. మందమైన గుజ్జు, లోపల తక్కువ గింజల గదులు ఉన్న రకాల్ని ఎంచుకుంటూ పోయారు. ఎక్కువ రోజులు నిలిచే హైబ్రిడ్లలో కొన్నిటికి తల్లి, తండ్రి మొక్కల్లో ఒక వైపు నుంచి ఆ రిన్ జన్యువు కూడా వస్తుంది. రెండు వైపుల నుంచీ వస్తే కాయ అసలు పండదు, ఒక వైపు నుంచే కాబట్టి నెమ్మదిగా పండుతుంది.

పులుసు_ప్రియ
రోటి పచ్చడికి ఆ గట్టి టమాటా పనికిరాదు. మగ్గదు, పులుపు లేదు, వాసనా లేదు. నాటు టమాటా కనబడితే రేటు అడక్కుండా కొంటా.

మండీ_మనిషి
మీరు కొంటారు అక్కా, ఒక కిలో. మదనపల్లె నుంచి వేరే రాష్ట్రాలకి వెళ్ళే లారీలో నాటు టమాటా వేస్తే దిగేటప్పటికి రసం కారుతుంది. కింది పెట్టె కాయ పై పెట్టెల బరువు మోయాలి. గట్టి కాయ రైతు పొగరుతో వేసేది కాదు, దూర ప్రయాణం కోరుతున్నది.

రైతుబిడ్డ_కృష్ణా
ఈ ఒక్క విషయంలో మండీ అన్నతో ఏకీభవిస్తున్నా. స్క్రీన్‌షాట్ తీసుకోండి, మళ్ళీ జరగదు.

గోదారి_గట్టు
మామిడి, టమాటాల మధ్య అరటిని మర్చిపోయారు. మాది రావులపాలెం పక్క. గెలల్ని గదిలో పేర్చి పొగ వేసి మగ్గబెట్టడం చిన్నప్పటి నుంచీ చూశాను. పొగలో ఇథిలీన్ ఉంటుందని ఇప్పుడు చదువుకున్న పిల్లలు చెబుతున్నారు, మా తాతకి వాసన బట్టి తెలిసేది. నా సందేహం వేరు. ఎండాకాలం పొడుగు పచ్చ అరటి పైకి పచ్చగానే ఉంటుంది, ఒలిస్తే మెత్తగా తియ్యగా ఉంటుంది. కొనేవాళ్ళు పచ్చివని వదిలేసి పోతారు. ఎందుకలా?

బోటనీ_మాస్టారు
మీ పచ్చ అరటి కావెండిష్ జాతిది, ఆ జాతికి ఈ చిక్కు ఉంది. వేడి 30 డిగ్రీలు దాటితే తోలులో పత్రహరితం సరిగా విరగదు, గుజ్జు మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. ఛాంబర్లలో 18 డిగ్రీల దగ్గర పెట్టేది ఇందుకే. అరటిలో ఇంకో విశేషం, మెత్తబడటం గోడ ఒక్కదాని వల్లే కాదు. పచ్చి అరటి గుజ్జులో 20 నుంచి 25 శాతం పిండి ఉంటుంది, పండేసరికి అది ఒకటి రెండు శాతానికి దిగుతుంది. కణం నిండా కూరుకుని ఉన్న గట్టి రేణువులు కరిగిపోతే కణం లోపలి నుంచి కూడా ఆసరా పోతుంది.

మండీ_మనిషి
మాస్టారు ఛాంబర్ ఎత్తారు కాబట్టి కార్బైడ్ సంగతి కూడా చెప్పేస్తా, సాంబ గారు ఊరుకోరు. కార్బైడ్‌కి తేమ తగిలితే అసిటిలీన్ వస్తుంది. ఇథిలీన్ చేసే పనే చేస్తుంది కానీ చాలా ఎక్కువ మోతాదు కావాలి. పైగా ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు వెంట వస్తాయి. 2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం దాంతో పళ్ళు మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌కి అనుమతి ఉంది, 100 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో వంద వంతులు) దాకా. ఇది కాయలో పుట్టే వాయువే కాబట్టి భయపడాల్సింది లేదు. పొట్లాం కాయల మధ్య పెట్టి పంపే వాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళని వెనకేసుకు రాను. అలాంటి పెట్టెలో పొట్లాం పక్కన ఉన్న కాయ ఒకలా, మూలన ఉన్నది ఇంకోలా తయారవుతుంది.

సందేహాల_సాంబ
చూశారా, కార్బైడ్ ఉంది.

పాలమూరు_పిల్లగాడు
మా దిక్కు సీతాఫలం సంగతి చెప్పుండ్రి సార్. బాలానగర్ కాయ కండ్లు తెరిసినంక తెంపితే రెండు మూడు దినాలల్ల పండుతది, ఆ తెల్లారే పగిలి కారుతది. ఫ్రిజ్‌ల పెడితే తోలు నల్లగైతది. ఇంత తొందర ఎందుకు దీనికి?

బోటనీ_మాస్టారు
సీతాఫలం ఒక్క పువ్వులోని చాలా అండాశయాలు కలిసి అతుక్కున్న పండు. ఒక్కో కన్ను ఒక్కో అండాశయం. ఆ అతుకుల దగ్గర కణాలు ముందు వదులుతాయి, దానికి తోడు ఇథిలీన్, శ్వాస రెండూ ఎక్కువ. నల్లబడటం చలి దెబ్బ. ఉష్ణమండలం పళ్ళకి ఫ్రిజ్ చలి పడదు, కణాల పొరలు దెబ్బతిని లోపలి పదార్థాలు కలిసిపోయి నలుపెక్కుతాయి. అరటికి, పచ్చి మామిడికి 13 డిగ్రీల కంటే కింద ఇదే గొడవ. మామిడి పూర్తిగా పండాక ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, పండకముందు పెడితే ఆ తర్వాత బయట పెట్టినా సరిగ్గా పండదు.

పాలమూరు_పిల్లగాడు
అంటే తెంపిన దినమే పట్నం పంపాలె. అదే చేస్తున్నం.

టెక్సాస్_తెలుగమ్మాయి
ఆపిల్ మాత్రం ఫ్రిజ్‌లో నెలలు ఉంటుంది కానీ కొన్నాళ్ళకి పిండిపిండిగా అవుతుంది. రసం ఆరిపోతుందా?

ల్యాబ్_కోటు
రసం లోపలే ఉంటుంది అక్కా. తాజా ఆపిల్ కొరికితే కణాలు పగులుతాయి, అందుకే చప్పుడు, రసం. నిల్వ ఉన్నదానిలో కణాల మధ్య పొర కరిగి ఉంటుంది. కొరికితే కణాలు పగలకుండా ఒకదాన్నుంచి ఒకటి ఊడి వస్తాయి. రసం ఏ కణంలోది ఆ కణంలోనే ఉండిపోయి నాలుకకి పొడిపొడిగా తగులుతుంది. అలా కాకుండా గోదాముల్లో 1-ఎంసీపీ అనే వాయువు వాడతారు, అది కాయలో ఇథిలీన్ కూర్చునే చోటు ఆక్రమించేస్తుంది.

బజ్జీల_బాబు
ఇంత చర్చలో నా వ్యాపారానికి పనికొచ్చేది ఒక్కటి చెప్పండి. అరటికాయ బజ్జీకి కాయ ఎప్పుడు బాగుంటుంది? ఒక్కోసారి నూనెలో ముక్క జావ అయిపోతోంది.

పులుసు_ప్రియ
కూర అరటే తీసుకో తమ్ముడూ, బొంత రకం. కోస్తే జిగురు కారాలి. తొక్క మీద పసుపు చార కనబడిందంటే లోపల పిండి అప్పటికే తీపెక్కుతుంటుంది. అలాంటి ముక్క నూనెలో మెత్తబడి, ముందే నల్లగా మాడుతుంది.

గోదారి_గట్టు
గెల కింది హస్తాల కంటే పై హస్తాలు ముందు పండుతాయి. బజ్జీకి కింది హస్తాలు అడగండి, ఇస్తారు.

బజ్జీల_బాబు
రేపు సంతలో అడుగుతా. ఇవ్వకపోతే మీ పేరు చెబుతా.